రెండు బకెట్లు, ఒకే ట్రాక్టర్

పెళ్లిచూపుల్లో చెప్పిన ఉద్యోగం

నా పెళ్లి కుదిర్చిన పెద్దమనిషి నా కొలువు గురించి మా మామకు ఒక్కటే మాట చెప్పిండు: "పోరడు హెల్త్ డిపార్ట్‌మెంటుల ఇన్‌స్పెక్టరు." అందులో అబద్ధమేం లేదు. మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఆరోగ్య విభాగం కిందికే వస్తడు. అయితే పెళ్లయిన నెలకే మా మామ మోకాళ్ల నొప్పులకు మందు రాయించుకుందామని మిర్యాలగూడ వచ్చిండు. నేను అప్పుడు బస్టాండు వెనకాల మోరీ పక్కన నిలబడి పూడిక తీయిస్తున్న. ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకొని కాసేపు చూసిండు. మోకాళ్ల సంగతి ఎత్తకుండనే మళ్లీ బస్సెక్కిండు. బతికినన్ని రోజులు నన్ను "డాక్టరు అల్లుడు" అనే పిలిచిండు.

ఇప్పుడు రిటైరై సూర్యాపేటలో ఉంటున్న. ఈ మధ్య కొత్తగా కొలువులో చేరిన ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు ఇంటికొచ్చి, "నాయక్ సార్, ఈ పని ఎట్లుంటది?" అని అడిగిన్రు. రిజిస్టర్లు ఎట్ల నింపాల్నో మీకు ఆఫీసులో నేర్పుతరు. అక్కడ నేర్పనిది ఇక్కడ రాస్తున్న. మొదటి సంగతి: మన పని ఊరిని శుభ్రంగ ఉంచుడని చెప్తరు. కాదు. ఊరి చెత్తను ఊరి కంటికి కనబడకుండ చేసుడు మన పని. ఈ రెండూ ఒకటే అనుకొని నేను సగం సర్వీసు చేసిన.

నేను పుట్టింది పెద్దవూర దగ్గర ఒక తండాలో. మా ఇంట్ల చెత్తబుట్ట లేకుండె. పారేసేటందుకు ఏమన్న ఉంటే కద. కూరగాయల తొక్కలు మేకలకు, పేడ, బూడిద పెంటకు, పాత చీర బొంతకు. ఎండకాలం పెంటను బండ్లకెత్తి చేనుకు తోలేటోళ్లం. ఉద్యోగమొచ్చినంక మా యాడికి, అంటే అమ్మకు, నా పనేందో వివరంగ చెప్పిన.

"వాళ్ల పెంట వాళ్లు చేన్లకు తోలుకోరా?" అన్నది.

"వాళ్లకు చేన్లు లేవు."

"మరి పెంటెందుకు పెట్టుకున్నరు?"

ముప్పై ఏండ్లల్ల ఎన్నో మీటింగులకు పోయిన. ఇంత మంచి ప్రశ్న ఒక్క మీటింగులో వినలే.

మూడు ఊర్ల చెత్త

నా ఉద్యోగమంత మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట మధ్యనే తిరిగింది. మిగతావాళ్లు ట్రాన్స్‌ఫర్ అయితే ఇల్లెక్కడ, బడెక్కడ అని చూసుకుంటరు. నేను చెత్త చూసేటోన్ని. మిర్యాలగూడలో ఏ వాకిలి ఊడ్చినా చీపురుకు సన్నటి ఊక బూడిద అంటేది. ఆ ఊరు బియ్యం తిని బతికే ఊరు కాదు, బియ్యం ఆడించి బతికే ఊరు. కోదాడ చెత్తకు రెండు యాసలు. సగం ప్లేట్ల మీద పెసరట్టు, సగం ప్లేట్ల మీద మన సర్వపిండి. ఇగ సూర్యాపేట హైవే మీది ఊరు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయేటోళ్లు, వచ్చేటోళ్లు ఇక్కడ దిగి, తిని, నీళ్ల సీసా మనకు గుర్తుగ ఇచ్చి పోతరు.

ఇండ్లు కూడ అంతే. ఎవరింట్ల షుగరు మొదలైందో, ఎవరు మందు మానేసిన్నని పెండ్లానికి ఒట్టుపెట్టి మళ్లీ మొదలుపెట్టిన్రో, ఇంటోళ్లకన్న ముందు చెత్త ఎత్తే మనిషికి తెలుస్తది. మా ఈదమ్మకు ఒక వార్డు వార్డంత తెలుసు. ఈదమ్మ సఫాయి కార్మికురాలు, నాకన్న పదేండ్లు పెద్ద. ఒక భక్తిగల ఇంటాయన కోడి బొక్కలను రోజూ పక్కింటోళ్ల బుట్టలో వేసేటోడు. పక్కింటోళ్లు మాంసం తినరు. వాళ్లు ఒకరినొకరు అనుమానించుకొని ఇల్లంత రణరంగం చేసుకున్నరు. ఈదమ్మకు మొదటిరోజే తెలుసు. పెదవి విప్పలే. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "నేను చెత్త ఎత్తెటందుకు వస్త సారూ, పోసెటందుకు కాదు" అన్నది.

ఇక్కడి నుంచి చెప్పేదంత ఈ మూడింటిలో ఒక ఊర్లో జరిగింది. ఏ ఊరో చెప్ప. చెప్తే మిగిలిన రెండు ఊర్లోళ్లు తమది శుభ్రమైన ఊరనుకుంటరు. వాళ్లకంత మేలు చేసే ఉద్దేశం నాకు లేదు.

ఈదమ్మ చెయ్యి

అప్పుడు మాకొక కమిషనర్ ఉండె. చాటుకు అందరం "ఫోటో సారు" అనేటోళ్లం. చెడ్డ మనిషి కాదు. లంచం ముట్టడు, గట్టిగ మాట్లాడడు. కానీ ఫోటోలో పడని పని ఆయన లెక్కలో జరగని పనే. మా కార్మికులకు గ్లవ్స్ వచ్చినయి. వాటిని బీరువాలో భద్రంగ పెట్టించిండు. ఫోటో ఉన్న రోజు బయటికి తీసి అందరికీ తొడిగేటోళ్లం, ఫోటో కాంగనే విప్పించి మళ్ల బీరువాలో పెట్టేటోళ్లం. తాళం నా దగ్గరనే ఉండె. అది మీరు మర్చిపోకుండ్రి, నేను మర్చిపోలే.

ఒకనాడు జిల్లా నుంచి పెద్ద అధికార్లు వస్తున్నరని కబురొచ్చింది. వాళ్లొచ్చే తొవ్వలో ఒక మూలమీద చెత్తకుప్ప ఉన్నది. పారలున్న బండి ఇంకోపక్క పోయింది. ఈదమ్మ ఒక్కతే దొరికింది.

"చేతులతోనే ఎత్తమ్మా, టైం లేదు" అన్న.

ఎత్తింది. రెండో గంపకు "అబ్బా" అని చెయ్యి గుంజుకున్నది. అరచేతిలో సూది దిగి ఉన్నది. షుగరోళ్లు పొట్టకు పొడుచుకునే చిన్న సూది. నేను నీళ్ల సీసా ఇచ్చి, "ఏం కాదు, కడుక్కో" అని అధికార్లకు ఎదురు పోయిన. వాళ్లు కారు దిగకుండనే ఆ మూల దిక్కు చూసి, మంచిగున్నదన్నరు.

మూడు రోజులకు ఈదమ్మ ఆఫీసుకొచ్చి నిలబడ్డది. "సారూ, ఆ సూది ఎవరిదో ఏమో. ఏ రోగమున్నదో ఏమో."

"అది షుగరు సూదమ్మా. నీకు షుగరు రాదు తియ్యి" అని నవ్విన. ఆమె నవ్వలే.

ఆ తర్వాత వారానికి ఈదమ్మ బిడ్డ నన్ను రోడ్డు మీద ఆపింది. పెండ్లయి తల్లి దగ్గరనే ఉంటది. "సార్, మా అమ్మ పళ్లెం, గిలాస వేరే పెట్టుకున్నది. మనుమరాలిని ఎత్తుకుంటలేదు. అడిగితే చెప్తలేదు. పనికాడ ఏమైంది?" అన్నది. అప్పుడు ఈదమ్మను బండిమీద దవాఖానకు తీస్కపోయిన. డాక్టరమ్మ ఈదమ్మను ఏమనలే, నన్ను తిట్టింది. సూది గుచ్చుకున్ననాడే రావాలె, ఆనాడే ఇయ్యాల్సిన మందులుంటయి, ఇప్పుడు పరీక్ష చేస్త, మూడు నెలలకు మళ్లీ చేస్త అన్నది. ఆ మూడు నెలలు ఈదమ్మ ఒక్క పూట పని మానలే, ఒక్క పూట మనుమరాలిని ముట్టలే.

చివరికి ఏమీ లేదని తేలింది. ఆ కాయితం పట్టుకొని ఈదమ్మ పనికి రాకుండ సీదా ఇంటికి పోయింది. ఆ దినం రిజిస్టర్‌లో నేను ఆమెకు హాజరు వేసిన. నేను తెలిసి రాసిన తప్పుడు హాజరు అదొక్కటే. దానికి ఇప్పటికి కూడ బాధపడ.

సూది ఎవరిదో వెతుక్కుంట పోయిన. దొరికిన్రు. ఒక పెద్దాయన, మంచి మనిషి, కుర్చీ వేసి చాయ్ ఇప్పిచ్చిండు. "కవర్ల కట్టి వేసిన బాబూ. కవరు చినిగినట్టుంది. మరి యాడ వెయ్యాలె?" అని అడిగిండు. నేను ఇన్‌స్పెక్టర్ని, నాకే తెలియదు. తర్వాత డాక్టరమ్మను అడిగి తెలుసుకున్న: గట్టి డబ్బాలో వేసి, మూత బిగించి, మీద రాసి, విడిగ చేతికియ్యాలె. ఇంత చిన్న మాట ఊరికి చెప్పడానికి నాకొకరి అరచెయ్యి కావాల్సి వచ్చింది. అదే సాయంత్రం బీరువా తాళం తీసి గ్లవ్స్ అన్నీ పంచేసిన. ఫోటో సారు వారం రోజులు నాతో మాట్లాడలే.

కుండీలు లేని పట్టణం

మరుసటేడు పరిశుభ్రత పోటీ వచ్చింది. రోడ్డు మీద చెత్తకుండీ కనబడని ఊరికి ఎక్కువ మార్కులన్నరు. ఫోటో సారు రెండు రోజుల్లో కుండీలన్నీ ఎత్తిపిచ్చిండు. జనం మూడో రోజు పొద్దున సంచి పట్టుకొని వచ్చి, కుండీ లేకపోతే అయోమయపడలే. కుండీ ఉన్న జాగ వాళ్లకు తెలుసు. అక్కడనే పెట్టి పోయిన్రు. అప్పుడా జాగల్లో ముగ్గులేపిచ్చినం, ముగ్గు మీద ఎవరూ చెత్త వెయ్యరని. ముగ్గు చుట్టూ వేసిన్రు, ముగ్గు చెరగకుండ. అంత సంస్కారం ఉన్నది మన జనానికి. పూలకుండీలు పెట్టినం. పూలకుండీలు ఇండ్లల్లకు పోయినయి, చెత్త ఉన్నకాడనే ఉన్నది.

ఆ తర్వాత బకెట్లొచ్చినయి. ఇంటికి రెండు: పచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు. ఇంటింటికి తిరిగి నేనే పంచిన. నెల దాటినంక మళ్లీ తిరిగి చూస్తే పచ్చ బకెట్లో బియ్యం, నీలం బకెట్లో స్నానానికి నీళ్లు. మూతలు మాత్రం ఎక్కడా వృథా కాలే, మంచినీళ్ల బిందెల మీద సరిగ్గ కూసున్నయి. ఒక్కరిద్దరు చెప్పినట్టు చేసిన్రు. అసలు పరేషానంత వాళ్లతోనే వచ్చింది. ఎందుకంటే బకెట్లు రెండు గానీ, వచ్చే ట్రాక్టర్ ఒక్కటే. ట్రాక్టర్ డబ్బా ఒక్కటే.

టీచరమ్మ స్కూటీ

సుగుణమ్మ లెక్కల టీచరుగ రిటైరైంది. పుట్టింది నందిగామ దిక్కు, మన దిక్కు కోడలుగ వచ్చి ముప్పై ఏండ్లయినా మాట మారలే. ఒకనాడు వాకిట్ల నన్ను ఆపింది.

"నాయక్ గారూ, నేను విడివిడిగా ఇస్తున్నాను. మీవాళ్లు నా కళ్లముందే కలిపేస్తున్నారు. ఎందుకండీ?"

"యార్డుల మళ్ల వేరు చేస్తరు మేడం" అన్న.

అబద్ధం. యార్డులో, అంటే ఊరి చెత్తంత పోసే జాగలో, మనిషే లేడు. కుక్కలు, కొంగలు, పొగ, అంతే. కానీ ఆ అబద్ధం నా నోటి నుంచి చానా ఈజీగ వచ్చింది, అంతకుముందు వందమందికి చెప్పి ఉన్న గనుక.

సుగుణమ్మ లెక్కల మనిషి. జవాబు రాస్తే సరిపోదు, చేసిన తీరు చూపియ్యాలె. మరునాడు ట్రాక్టర్ వెనకాలనే స్కూటీ మీద యార్డు దాక పోయింది. ఆ మరునాడు పొద్దున్నే రెండు బకెట్లు, నిండుగ ఉన్నయే, నా టేబులు మీద పెట్టింది. ఆఫీసంత లేచి నిలబడ్డది.

"నా బకెట్లు ఎక్కడ విడిపోతాయో చూద్దామని వెళ్లానండి. మా గుమ్మం ముందు కలిశాయి. తర్వాత విడిపోలేదు" అన్నది. "మీరు రెండు బళ్లు పంపే రోజున నా చెత్త ఇస్తాను. అందాకా ఇవ్వను."

"మేడం, చెత్త ఇంట్ల పెట్టుకుంటరా?"

"మీరు అబద్ధాలు ఆఫీసులో పెట్టుకోగా లేంది, నాకేమండీ?"

అన్నట్టే చేసింది. తడి చెత్త మేడ మీద డ్రమ్ములో వేసి ఎరువు చేసింది. పొడిది కడిగి, ఆరబెట్టి, ఒక గదిలో దొంతర్లు పేర్చింది. ఆ గది మా ఆఫీసు రికార్డు రూంకన్న శుభ్రంగ ఉండె.

ఆమెకు నోటీసు

ఫోటో సారుకు సంగతి తెలిసి నన్ను పిలిచిండు. "నాయక్, ఒక ఇల్లు చెత్త ఇయ్యకపోతే మన సేకరణ వందకు వంద ఎట్లయితది? పోటీలో మార్కు పోతది. ఇంట్లో చెత్త నిల్వ చేసినందుకు నోటీసు ఇవ్వు."

"సార్, ఊరంతట్ల సరిగ్గ చేస్తున్నది ఆమె ఒక్కతే."

"అందుకే కదా అందరికీ కనబడుతున్నది."

ఇగ చూడుండ్రి. రోడ్డు మీద పోసినోళ్లు వేలమంది ఉండంగ, మొత్తం ఊర్లో చెత్త రోడ్డు మీద పోయని ఒకే ఒక్క మనిషికి నేను నా చేత్తో నోటీసు రాసిన. సంతకం పెట్టిన. తీస్కపోయి ఇచ్చిన. వద్దని గట్టిగ అనొచ్చు. అంటే ఏమయ్యేది? మహా అయితే ఇంకో ఊరికి పంపేటోళ్లు, అక్కడ కూడ చెత్తే. అయినా అనలే.

సుగుణమ్మ నోటీసు నిలబడే చదివింది. లోపలికి పోయి ఎర్ర పెన్ను తెచ్చింది. రెండుచోట్ల ఒత్తులు దిద్ది కాయితం నా చేతిలో పెట్టింది. "రెండు తప్పులు నేను దిద్దాను నాయక్ గారూ. మూడోది పెద్దది. అది మీరే దిద్దుకోవాలి" అన్నది.

నేను బండి స్టార్టు చేస్తుంటే ఎదురింటామె, పక్కింటామె గేట్లకాడ నిలబడి చూస్తున్నరు. వారం తిరిగేసరికి ఆ గల్లీలో తొమ్మిది ఇండ్లు చెత్త ఇచ్చుడు బంద్ చేసినయి. మేడల మీద తొమ్మిది డ్రమ్ములు. నోటీసులో ఎంత బలముంటదో అప్పుడే తెలిసింది నాకు.

ముత్తమ్మ మంచం

మా యార్డు హుజూర్‌నగర్ పోయే దిక్కు ఒక పల్లె పక్కన ఉండె. ఆఫీసు కాయితాల్లో దాన్ని "ఊరవతల స్థలం" అని రాసేటోళ్లం. ఆ పల్లెలో ముత్తమ్మ అని ఒక రైతు. మొగడు లేడు, ఎకరంన్నర పొలం, రెండు బర్రెలు. అందులో ఒక బర్రె మేత మానేసి, కడుపుబ్బి, నాలుగు రోజులకు పడిపోయింది. పశువుల డాక్టరు కోసి చూస్తే కడుపు నిండ కవర్లు. ముత్తమ్మ ఆ కవర్లను కడిగి, దండేనికి ఆరేసింది, వచ్చినోళ్లందరు చూడాల్నని. పెరుగు కవర్లు, పాల కవర్లు, బట్టల షాపు కవర్లు. అన్నీ మా ఊరి కవర్లే. షాపుల పేర్లు కూడ చెరగలే.

తెల్లారి యార్డు గేటుకు అడ్డంగ నులక మంచం వేసుకొని కూసున్నది. ఆమె వెనక పల్లె కూసున్నది. ట్రాక్టర్లు వెనక్కి తిరిగినయి.

ఐదు రోజులు ఊర్లో చెత్త కదలలే. మొదటి రోజు జనం మున్సిపాలిటీని తిట్టిన్రు. రెండో రోజు పక్కింటోళ్లను తిట్టిన్రు. మూడో రోజు ముక్కులు మూసుకున్నరు. నాలుగో రోజు మొదటిసారి ఒక్కొక్కరు తమ ఇంటి నుంచి రోజుకెంత పోతున్నదో కండ్లారా చూసుకున్నరు. ఫోటో సారుకు సరిగ్గ అప్పుడే హైదరాబాదుల ట్రెయినింగు పడ్డది. పోతు పోతు, "నాయక్, నువ్వు మాట్లాడు, నీకు పల్లెటూరోళ్ల భాష వస్తది కదా" అన్నడు.

పోయిన. ముత్తమ్మ మంచం మీద నుంచి లేవలే. కూసొమ్మని జరిగింది.

"అమ్మా, ఊరంత కంపు కొడుతున్నది. బండ్లను రానియ్యి."

"మీ ఊరి కంపు మీ ఊర్లనే ఉండనియ్యి సారూ. మాకు శాన రోజుల కెల్లి ఉన్నది గద."

"ఎక్కడన్న పొయ్యాలె గదమ్మా. ఇది ఊరవతల అని..."

"మీ ఊరవతల మా ఊరు సారూ."

ఆమెనే మళ్ల అన్నది. "పెంటైతే తేండ్రి. ఒద్దనం. మా చేన్లకు మేమే తోలుకుంటం. కవర్లు, సీసలు, గుడ్డలు, అవి మీరే తినుండ్రి. నా బర్రె తిన్నది సాలు."

ఉత్త పెంట ఒక బండెడు ఊరంతట్ల ఎక్కడ దొరుకుతదో నాకు తెలుసు. నేను నోటీసిచ్చిన గడపే అది. పోయిన. సుగుణమ్మ గేటు తీసి, "ఈసారి ఏం తెచ్చారు?" అన్నది.

"తేలే మేడం. అడగనీకి వచ్చిన." ఉన్నదున్నట్టు చెప్పిన. యార్డులో ఎవరూ వేరు చెయ్యరని, ఎన్నడూ చెయ్యలేదని, ఆమెకు చెప్పింది అబద్ధమని కూడ. ఆమె చెప్పులేసుకొని గల్లీలకు నడిచింది. గంటలో తొమ్మిది ఇండ్ల డ్రమ్ములు కిందికి దిగినయి, ఇంకో పది ఇండ్లోళ్లు ఆనాటి తొక్కలు, అన్నం మెతుకులు విడిగ తెచ్చిన్రు.

ఆ ట్రాక్టర్ మీద డ్రైవరు, ఈదమ్మ, నేను పోయినం. ముత్తమ్మ డబ్బా ఎక్కి, కర్రతోని కెలికి కెలికి చూసింది. అడుగున ఒక బిస్కట్ కవరు దొరికింది. రెండు వేళ్లతోని పట్టి నా మొఖం ముందట పెట్టింది.

"తీస్కపోండ్రి."

"ఒక్క కవరుకే బండి వాపస్ పంపుతవా అమ్మా?"

"నా బర్రె కడుపుల మొదలు పోయింది గూడ ఒక్క కవరే సారూ."

వాపస్ పోయినం. తొవ్వ పక్కన వేపచెట్టు నీడకు బండి ఆపి, ముగ్గురం గ్లవ్స్ తొడుక్కొని మొత్తం చేతులతోని వెతికినం. నా సర్వీసులో నేను చెత్తలో చెయ్యి పెట్టుడు అదే మొదటిసారి. ఈదమ్మ నన్ను చూసి, "మెల్లగ సారూ, ముందు కంటితోని సూడు, తర్వాత చెయ్యి పెట్టు" అని నేర్పింది. రెండోసారి ముత్తమ్మ బండిని లోపలికి రానిచ్చింది.

ఈ సంగతి ఊరంత పాకింది. విడగొట్టిన గల్లీ చెత్త పోతున్నది, విడగొట్టని గల్లీ చెత్త ఇంటిముందే ఉన్నది. మేం ఏండ్ల నుంచి మైకులు పెట్టి చెప్పినా, గోడల మీద రాసినా, బడిపిల్లలతో ర్యాలీలు తీసినా కాని పని పది రోజుల్ల అయింది. బియ్యం పోసుకున్న పచ్చ బకెట్లు ఖాళీ అయినయి. ముత్తమ్మ రెండు నెలలు ఆ మంచం మీద నుంచి బండి బండినీ చూసింది. కొలువు నాది, పని ఆమె చేసింది. నాకన్న మంచిగ చేసింది.

ఏం మిగిలింది

ఫోటో సారు ట్రెయినింగు నుంచి వచ్చేసరికి ఊరు శుభ్రంగున్నది. ఆ ఏడు షీల్డు మాకే వచ్చింది. యార్డుకాడ ఫోటో తీసుకున్నరు. వెనకాల మంచం అందంగ లేదని పక్కకు జరిపిచ్చిన్రు, మంచంతో పాటు ముత్తమ్మను కూడ. ఆ తర్వాత ఆయన పెద్ద ఊరికి పోయిండు. కొత్తగా వచ్చినాయన రెండు అరల ఆటోలు తెప్పిచ్చిండు. మంచి పని. కొన్ని ఆటోలల్ల డ్రైవర్లు నడిమి రేకు పీకేసిన్రు, ఎక్కువ పడుతదని. ఆ గల్లీలు మళ్ల పాత తీరుకే పోయినయి. కొన్ని నిలబడ్డయి. సుగుణమ్మ గల్లీ నిలబడ్డది. పల్లెకాడ ఎరువు షెడ్డు లేచింది, రైతులు ఇప్పటికీ తోలుకపోతున్నరు.

ముత్తమ్మ బర్రెకు పరిహారం ఇప్పిద్దామని మూడుసార్లు రాసిన. చెత్త తినమని పశువుకు కార్యాలయం సూచించలేదని జవాబొచ్చింది. ఆ వాక్యం రాసిన మనిషికి మాత్రం పాలు ఏ కవరులో వస్తయో తెలిసే ఉంటది.

నేను సుగుణమ్మకు ఇచ్చిన నోటీసు తప్పని, వెనక్కి తీసుకుంటున్నమని, నా సంతకంతోనే ఇంకో కాయితం రాసి ఇచ్చిన. ఎవరూ రాయమనలే. ఆమె చదివి, మడిచి, బీరువాలో పెట్టుకున్నది. చాయ్ ఇచ్చింది.

కొత్తగా వచ్చినోళ్లకు నేను చెప్పేది ఇదే. చెత్త నుంచి అందరికీ ఒక లాభమున్నది. గుమ్మం దాటంగనే అది మనది కాకుండ పోతది. ఆ సుఖం చిన్నదేం కాదు, నేను కూడ అనుభవించిన. కానీ దాని ఖర్చు ఒకరి అరచేతిలోకి, ఒకరి బర్రె కడుపులోకి పోతది, వాళ్లెవరూ మీ మీటింగుకు రారు. కొలువులో చేరిన మొదటి వారమే ఒక ట్రాక్టర్ వెనకాల చివరిదాక పోయి చూడుండ్రి. బీరువాలో ఏమున్నదో చూడుండ్రి. తెలియనిది తెలియదని చెప్పుండ్రి, జనం తట్టుకుంటరు.

మా ఇంటి బకెటు

రిటైరైన రెండోనాడు మా ఇంటామె వంటింట్ల నుంచి కేకేసింది. "చెత్తాటో వచ్చింది. ఖాళీగనే ఉన్నవ్ గద, ఇయ్యాల నువ్వు పట్కపో."

అప్పుడు తట్టింది. ముప్పై ఏండ్లు ఊరి చెత్త చూసిన. మా ఇంటి చెత్త ఒక్కనాడు నేను బయట పెట్టలే. పొద్దు పొడవకముందే డ్యూటీకి పోయేది నేను, బకెటు పట్టేది ఆమె.

గేటుకాడికి పోయి బకెటు అందిచ్చిన. ఆటోలో ఉన్నామెకు ముప్పై ఏండ్లు కూడ దాటి ఉండవు, కొత్తగా వచ్చినట్టున్నది, నన్ను ఎరుగదు. మూత తీసి లోపలికి చూసింది. బకెటు నా చేతికే తిరిగి ఇచ్చింది.

"తీస్కోను సార్. కలిసిపోయింది."

"అమ్మా, నేనెవరో..." అని మొదలుపెట్టిన.

"ఎవరైనా గంతే సార్. ఇడగొట్టి రేపియ్యి."

ఎదురింటాయన పేపరు చాటున నవ్వుతున్నడు. బకెటు పట్టుకొని లోపలికి వచ్చిన. మా ఇంటామె చూసి, "తీస్కోలేదా? రోజూ గేటుకాడ నేను నిలబడి, చేత్తోని ఏరి ఇస్త. ఇయ్యాల నువ్వు పోతున్నవని ఊకున్న. ఇన్నేండ్లు ఏం ఉద్యోగం చేసినవ్?" అన్నది.

పెరట్ల పాత పేపరు పరుసుకొని కూసున్న. నిన్నటి పప్పు అంటిన పెరుగు కవరు, మాత్రల అట్టలు, ఉల్లిపొట్టు, చీపురు పుల్లలు, దువ్వెనకొచ్చిన వెంట్రుకలు. ఒక్కటొక్కటి తీసి పెట్టిన. కవరు కడిగి తీగకు ఆరేసిన. గంట పట్టింది. నడుము పట్టేసింది.

తెల్లారి రెండు బకెట్లు పట్టుకొని విజిలు వినపడకముందే గేటుకాడ నిలబడ్డ. ఆమె మొదటిది చూసింది. రెండోది చూసింది, వేలితోని ఒకసారి కదిపింది. రెండు అరలల్ల రెండూ బోర్లించి, ఖాళీ బకెట్లు నా చేతిలో పెట్టింది. పేరన్న అడుగుదామనుకునే లోపలే విజిలేసుకుంట పక్క గల్లీకి మళ్లింది.